రిడండెన్సీ (ఆ పోస్టే అక్కర్లేదని తీసేయడం) లెటర్ ఇచ్చారు, సంతకానికి ఐదు రోజులే టైమ్. బారిస్టర్ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చా?

రీడింగ్ రమణ | 2024 అక్టోబర్ 8, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్లిపోయే రకాన్ని, రాయడం ఇదే మొదలు. ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఒక ఐటీ కంపెనీలో 2020 మార్చి నుంచి చేస్తున్నాను. వయసు 38, జీతం ఏడాదికి 62 వేల పౌండ్లు, నోటీసు మూడు నెలలు. వీసా కూడా ఈ కంపెనీ ఇప్పించిందే. వచ్చే మార్చికి ఐదేళ్లు నిండితే ఐఎల్ఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేద్దామని ఇంట్లో క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటున్నాం.

టీమ్‌లో తొమ్మిది మందిమి. పని హైదరాబాద్ ఆఫీసుకి మారుతుందని ఆగస్టులో అన్నారు. ఆరు వారాలు రోజూ పొద్దున్నే అక్కడి పిల్లలకి కేటీ ఇచ్చింది, అంటే నా పని నేర్పింది నేనే. తొందరగా పట్టుకుంటారని తెలుగులోనే చెప్పాను కూడా. మొన్న శుక్రవారం, 4వ తేదీన మీటింగ్‌కి పిలిచి నా ఉద్యోగం పోయిందన్నారు. ఎవర్ని తీసేయాలో తేల్చడానికి మార్కులేసే స్కోరింగ్‌లో పెట్టింది ముగ్గురినే, ముగ్గురమూ ఇండియన్సే. మిగతా ఆరుగురి పేర్లు ఆ లెక్కలోనే లేవు. ఆఖరి రోజు అక్టోబర్ 31. సెటిల్‌మెంట్ అగ్రిమెంట్, అంటే డబ్బు తీసుకుని కేసు వేయనని ఒప్పుకునే కాగితం అని 14 పేజీలు చేతిలో పెట్టి ఐదు రోజుల్లో సంతకం చేయమన్నారు. నోటీసు జీతంతో కలిపి 19,000 పౌండ్లు.

నిద్ర లేదు. పెద్ద బారిస్టర్‌ని పెట్టి వీళ్ల సంగతి తేల్చాలని ఉంది. నేరుగా వెళ్లొచ్చా? ఎంతవుతుంది?

కొవ్వూరు కుర్రాడు | అక్టోబర్ 8, రాత్రి 11:52

అన్నా, ముందు సంతకం పెట్టకు. మిగతాది తర్వాత.

బారిస్టర్ అంటే నాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారే గుర్తొస్తారు. మామూలు లాయర్‌కీ బారిస్టర్‌కీ తేడా ఏంటో ఎవరైనా చెప్పండి, పదేళ్లుగా ఇక్కడున్నా నాకూ తెలీదు.

వరంగల్ వాసు | అక్టోబర్ 9, ఉదయం 7:15

రమణన్నా, వీసా గురించి పరేషాన్ గాకు. అక్టోబర్ 31 నుంచి 60 రోజులని చాలామంది అనుకుంటరు, అట్ల కాదు. నువ్వు మానేసినంక కంపెనీ పది వర్కింగ్ డేస్‌ల హోమ్ ఆఫీస్‌కి, అంటే వీసాలు చూసే శాఖకి, చెప్పాలె. ఆ తర్వాత వాళ్లు లెటర్ పంపుతరు, మామూలుగా 60 రోజులు ఇస్తరు. ఆ లెటర్ల ఉన్న తారీఖే లెక్క. అట్లని లెటర్ కోసం కూసోకు, ఇయ్యాల్నే స్పాన్సర్లను, అంటే వీసా ఇప్పిచ్చే కొత్త కంపెనీలను, దేవులాడు.

మోడరేటర్ | అక్టోబర్ 9, ఉదయం 8:02

రమణ గారూ, మీ పోస్టులో కంపెనీ పేరు తీసేశాను. దయచేసి ఎవరూ ఊహించి రాయొద్దు.

నల్లకోటు | అక్టోబర్ 9, రాత్రి 9:30

ఉద్యోగ చట్టం మీద పని చేసే బారిస్టర్‌ని. పుట్టింది నరసరావుపేట దగ్గర, ఛాంబర్స్, అంటే మా బారిస్టర్ల ఆఫీసు, లండన్‌లో. మీ కాగితాలు చూడలేదు కాబట్టి ఇది సలహా కాదు, నలుగురికీ పనికొచ్చే సమాచారం అనుకోండి.

ముందు తారీఖు. నా దగ్గరికొచ్చే వాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న "ఏం జరిగింది" కాదు, "ఎప్పుడు జరిగింది". అన్యాయంగా తీసేశారని కేసు వేయాలంటే ఆఖరి రోజు నుంచి మూడు నెలలకి ఒక రోజు తక్కువ. మీకు అక్టోబర్ 31 అయితే, 2025 జనవరి 30 లోపు ఏకాస్‌కి నోటీసు ఇవ్వాలి. రాజీకి ప్రయత్నించే ఆ సంస్థ గడప తొక్కకుండా ట్రిబ్యునల్, అంటే ఉద్యోగ వివాదాల కోర్టు, ఈ కేసులు తీసుకోదు. వాళ్ల దగ్గర కేసు ఉన్నన్ని రోజులు, 2024లో ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా ఆరు వారాలు, గడియారం ఆగుతుంది. అయితే జాతి వివక్ష కూడా అంటారేమో. అప్పుడు స్కోరింగ్ జరిగిన రోజునుంచే లెక్క మొదలైందని అవతలి వాళ్లు వాదిస్తారు. అందుకని జనవరి దాకా ఆగకండి. మంచి కేసులు రెండు రోజుల ఆలస్యానికి పోవడం కళ్లారా చూశాను.

ఇక ఆ 19,000. పెన్ను తీసుకోండి. మీ వయసులో ఏడాదికి ఒక వారం జీతం చొప్పున చట్టం ఇచ్చే రిడండెన్సీ డబ్బు, 2024 ఏప్రిల్ నుంచి ఉన్న వారానికి 700 పౌండ్ల పరిమితితో, నిండిన నాలుగేళ్లకి 2,800. అది సంతకం పెట్టినా పెట్టకపోయినా మీదే. మూడు నెలల నోటీసులో అక్టోబర్ 31 తర్వాత మిగిలేది సుమారు 11,000. అదీ మీదే. కాగా మిగిలింది ఐదు వేల చిల్లర. అంటే మీ కేసులన్నీ వదులుకుంటున్నందుకు వాళ్లు కట్టిన వెల ఆ ఐదు వేలే. ఇంకోటి, మొదటి 30,000కి పన్ను లేదని ఎవరో ఒకరు చెప్తారు. నోటీసు జీతం భాగానికి 2018 ఏప్రిల్ నుంచి పన్ను ఉంది.

ఐదు రోజులు చాలవు. ఆలోచించుకోవడానికి కనీసం పది రోజులివ్వాలని ఏకాస్ కోడ్‌లోనే ఉంది. పైగా స్వతంత్రంగా ఒకరు మీకు సలహా చెప్పకపోతే ఆ అగ్రిమెంట్ చెల్లదు. ఆ ఫీజులో కొంత కంపెనీయే ఇవ్వడం ఆనవాయితీ. ఎవరో ఒక సొలిసిటర్‌కి చూపించండి.

కుర్రాడు గారి ప్రశ్నకి: ఇంట్లో పెళ్లి అనుకోండి. తారీఖులు చూసి, కార్డులు పంచి, షామియానా దగ్గర్నుంచి చూసుకునేవాడు సొలిసిటర్. ముహూర్తానికి పీటల దగ్గర కూర్చునే పురోహితుడు బారిస్టర్. వాదించడం, అంతకుముందు అభిప్రాయం రాయడం, డ్రాఫ్టులు దిద్దడం మా పని. 2004 నుంచి పబ్లిక్ యాక్సెస్ అనే పద్ధతిలో మామూలు మనుషులు సొలిసిటర్ లేకుండా నేరుగా రావచ్చు. కాకపోతే ఫారాలు దాఖలు చేయడం, అవతలివాళ్లకి ఉత్తరాలు పంపడం లాంటివి మాలో చాలామంది చేయరు, అవి మీరే చూసుకోవాలి. ఫీజు మాతో మాట్లాడరు, క్లర్కుతో మాట్లాడతారు. మా క్లర్కు ముందు రైతుబజారు బేరాలు దిగదుడుపు.

కేసు వేయడానికి ట్రిబ్యునల్‌కి కట్టాల్సింది మాత్రం సున్నా. 2013 జులై నుంచి నాలుగేళ్లు ఫీజు ఉండేది, ఇలాంటి కేసుకి విచారణ దాకా 1,200 పౌండ్లు. యూనిసన్ యూనియన్ సుప్రీం కోర్టుకెళ్లి 2017లో అది కొట్టించింది.

చివరిగా, ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ బయటికి తీయండి. లీగల్ ఎక్స్‌పెన్సెస్ కవర్ అన్న ముక్క ఉందేమో చూడండి. బాయిలర్ కోసం తీసుకున్న పాలసీలో లాయర్ ఖర్చు దాక్కుని ఉంటుంది, ఎవరూ చదవరు.

రీడింగ్ రమణ | అక్టోబర్ 9, రాత్రి 10:05

సార్, కవర్ ఉంది!! లక్ష పౌండ్ల దాకా అని రాసుంది. గెలిచే అవకాశం 51 శాతం ఉంటేనే అంటున్నారు. మా ఆవిడ రెండు రోజుల తర్వాత ఇవాళ నవ్వింది.

క్రాయిడన్ శాస్త్రి | అక్టోబర్ 10, మధ్యాహ్నం 1:20

అందరూ ఉత్సాహపెడుతున్నారు కాబట్టి చేదు మాట నేను చెప్తాను. నేను 2019లో వేశాను. ఇరవై నెలలు నడిచింది. గెలిచాను. వచ్చింది 9,000, లాయర్లకి పోయింది 22,000. ఓడినవాడు ఖర్చులు ఇస్తాడనుకున్నాను, ఇక్కడ అలా ఉండదని గెలిచాకే తెలిసింది. ఆ ఇరవై నెలల్లో నాకు బీపీ వచ్చింది, కొత్త ఉద్యోగంలో మనసు నిలవలేదు. రమణా, కాస్త బేరమాడి తీసుకుని బయటపడు నాయనా.

నల్లకోటు | అక్టోబర్ 10, రాత్రి 8:45

శాస్త్రి గారు చెప్పింది అక్షరాలా నిజం. ట్రిబ్యునల్‌లో ఎవరి ఖర్చు వాళ్లదే. అవతలివాడు మరీ అడ్డగోలుగా నడిపితే తప్ప ఖర్చులు రావు. అన్యాయంగా తీసేసినందుకు వచ్చే పరిహారానికి పరిమితి కూడా ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్కలో ఏడాది జీతం, లేదా 115,115 పౌండ్లు, రెండిట్లో ఏది తక్కువైతే అది. వివక్ష కేసులకి పరిమితి లేదు, రెండేళ్ల సర్వీసూ అక్కర్లేదు. అందుకే ప్రతివాళ్లూ వివక్ష అంటారు, రుజువు చేయలేక ఓడిపోతారు. నేను ఇండియన్‌ని, నన్ను తీసేశారు అన్న రెండు ముక్కలు సరిపోవు. ఆ రెండిటినీ కలిపే మూడో ముక్క చూపించాలి. రమణ గారి విషయంలో అది దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

గెలిచినా "పద్ధతి ప్రకారం చేసుంటే మాత్రం ఉద్యోగం మిగిలేదా?" అని జడ్జి అడుగుతారు. పోల్కీ అనే 1987 నాటి కేసు నుంచి వచ్చింది ఇది. ఎలాగూ పోయేదే అని తేలితే డబ్బు తగ్గుతుంది.

రమణ గారూ, మీ గురించి కంపెనీ దగ్గరున్న ఈమెయిళ్లు, స్కోర్లు అన్నీ ఇమ్మని డేటా రిక్వెస్ట్ పెట్టండి. ఉచితం. మామూలుగా నెలలో ఇవ్వాలి.

లత, హౌన్స్‌లో | అక్టోబర్ 12, సాయంత్రం 4:10

ఇన్నాళ్లకి ఈ విషయం మాట్లాడేవాళ్లు కనిపించారు. నా కేసు అయిపోయింది కాబట్టి రాస్తున్నా.

నేను అకౌంట్స్‌లో చేసేదాన్ని. ఒక ఇన్‌వాయిస్ లెక్క కుదరక మా సీనియర్‌కి "ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ దిస్ ఇన్‌వాయిస్" అని మెయిల్ పెట్టాను, నలుగురిని సీసీలో పెట్టి. మనం రోజూ అనే మాటే కదా. ఆయన్ని దొంగ అన్నానని, ఆధారం లేకుండా నిందలేశానని నన్ను తీసేశారు.

నేను ఊహించుకున్న కోర్టు వేరు. తెల్ల విగ్గులు, "మిలార్డ్" అనడాలు ఏమీ లేవు. మామూలు ఆఫీసు గది, లాయర్లు కూర్చునే మాట్లాడారు. ప్రమాణానికి ఏ గ్రంథం కావాలన్నారు, భగవద్గీత తెచ్చిచ్చారు. అవతలి బారిస్టర్ గొంతు పెంచనే లేదు. ఎంత మర్యాదగా అడిగాడో! "డౌట్ అంటే నమ్మకం లేకపోవడం కదండీ? మీ సీనియర్ నిజాయితీ మీద మీకు నమ్మకం లేదన్నమాట?" నాకు కాళ్లు వణికాయి. మర్యాదకి తల ఊపే అలవాటు ఒకటి ఉంది కదా మనకి, దాదాపు ఊపేశాను.

అప్పుడే లంచ్ బ్రేక్ ఇచ్చారు. సాక్ష్యం మధ్యలో ఉన్నాను కాబట్టి కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకూడదట, మా బారిస్టర్‌తో కూడా. కారిడార్‌లో ఓ మూల కుర్చీలో కూర్చుని డబ్బాలో పులిహోర ముద్ద దిగక అలాగే చూస్తూ ఉన్నా. మా ఆయన ఎదురుగా ఇంకో కుర్చీలో. నలభై నిమిషాలు ఒకర్నొకరం చూసుకున్నాం అంతే.

మధ్యాహ్నం మా బారిస్టర్ లేచి, అదే, కూర్చునే, ఒక్కటే ప్రశ్న అడిగింది. "మీరు చదువుకున్న చోట డౌట్ అనే మాటని ఎలా వాడతారు?" అని. నేనన్నాను, "క్లాసులో అర్థం కాకపోతే చెయ్యెత్తి, మాస్టారూ, డౌట్ అంటాం" అని. జడ్జి రాసుకోవడం ఆపి తలెత్తి చూశారు. తీర్పు ఏడు వారాల తర్వాత వచ్చింది. ఆ మాట అందులో ఉంది.

కొవ్వూరు కుర్రాడు | అక్టోబర్ 12, సాయంత్రం 4:31

అక్కా 🙏 రేపట్నుంచి మెయిల్లో డౌట్ అన్న మాట రాస్తే ఒట్టు.

కానీ ఆ జవాబు మీ లాయరే ముందు చెప్పి ఉంచారా?

నల్లకోటు | అక్టోబర్ 12, రాత్రి 10:15

కుర్రాడు గారూ, అలా చెప్పి ఉంటే ఆ బారిస్టర్ లైసెన్సుకే ముప్పు. మన వాళ్లు దాదాపు అందరూ నన్ను అడిగేది ఇదే. "సార్, అక్కడ ఏం చెప్పాలో రాసివ్వండి, బట్టీ పట్టేస్తాం." సాక్షికి జవాబులు నేర్పడం ఇక్కడ నిషేధం. గది ఎలా ఉంటుంది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, అడిగినదానికే చెప్పండి, ఇంతవరకు చెప్పొచ్చు. ఆపైన ఒక్క మాట కూడా కుదరదు. అందుకే నా పనిలో ముప్పాతిక భాగం విచారణ రోజుకి ముందే అయిపోతుంది. సాక్షి వాంగ్మూలం ముందే రాసిచ్చేస్తాం, జడ్జి చదువుకుని వస్తారు. ఇక మిగిలేది క్రాస్, అంటే అవతలి లాయర్ ప్రశ్నలు మాత్రమే.

లత గారి బారిస్టర్ అడిగిన ప్రశ్న చూడండి. తన సాక్షిని తిరిగి అడిగేటప్పుడు జవాబు అందించే ప్రశ్న వేయకూడదు. అందించలేదు. అడిగి ఊరుకుంది. అలా ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

తిరుపతి టు టీసైడ్ | అక్టోబర్ 15, రాత్రి 9:50

టాపిక్ మారుతుందేమో, క్షమించాలి. మా టీమ్ అంతా తెలుగువాళ్లమే. లీడ్ కొత్తవాళ్లని ఇంటిపేరు, ఊరు, ఆ ఊళ్లో ఏ వీధి అని అడిగి, ఆ తర్వాత మనిషిని బట్టి మాట మారుస్తాడు. నన్ను లంచ్‌కి పిలవడం మానేశారు, తర్వాత రివ్యూలో రేటింగ్ తగ్గింది. ఇంగ్లిష్ మేనేజర్‌కి చెప్తే "మీరంతా ఒకే దేశం కదా" అన్నాడు. ఇక్కడి చట్టానికి కులం తెలుసా?

నల్లకోటు | అక్టోబర్ 16, ఉదయం 6:40

తెలుసు, కానీ పక్క తలుపు నుంచి. 2010 సమానత్వ చట్టంలో రక్షణ ఉన్న లక్షణాల్లో కులం అనే మాట విడిగా లేదు. చేర్చమని పార్లమెంటు 2013లో అంది, చేర్చబోమని ప్రభుత్వం 2018లో తేల్చింది. ఈలోగా పెర్మిలా టిర్కీ అనే ఆదివాసీ మహిళ కేసు వచ్చింది. బిహార్ నుంచి ఇంటిపనికి తెచ్చి మిల్టన్ కీన్స్‌లో నాలుగున్నరేళ్లు చాకిరీ చేయించుకున్నారు. కులం వాదనే చెల్లదని యజమానులు అప్పీలుకి వెళ్తే, జాతిమూలం అన్న మాటలో కులం కూడా ఇమడొచ్చని అప్పీల్ ట్రిబ్యునల్ 2014లో చెప్పింది. మరుసటేడు కనీస వేతనం బకాయి కిందే ఆమెకి 183,774 పౌండ్లు ఇప్పించారు. కాబట్టి దారి ఉంది.

మీ విషయంలో కష్టం చట్టంతో కాదు, వివరించడంతో. "ఏ వీధి" అన్న ప్రశ్నలో ఏముందో ఇంగ్లిష్ జడ్జికి అర్థమయ్యేలా చెప్పాలి. మనకి అరక్షణంలో తెలిసేదానికి అక్కడ నాలుగు పేజీలు పడుతుంది. అడిగిన మాటలు తెలుగులో ఉన్నవి ఉన్నట్టు, తేదీ వేసి, ఇవాళే రాసిపెట్టుకోండి.

టైమ్ చూశారుగా, ఆరూ నలభై. వాట్‌ఫర్డ్ ట్రిబ్యునల్‌కి వెళ్తున్నా. బ్రీఫ్, అంటే ఈ కేసు వాదించమన్న కబురు, నిన్న సాయంత్రం ఐదింటికి వచ్చింది, బండిల్, అంటే కేసు కాగితాల కట్ట, 640 పేజీలు. బారిస్టర్ అంటే సిల్కు చొక్కా దర్జా అనుకునే మా బావమరిదికి ఈ రైలు చూపించాలి.

విశాఖ లా స్టూడెంట్ | అక్టోబర్ 16, మధ్యాహ్నం 12:30

సార్, మీలా అవ్వాలంటే ఏం చేయాలి?

నల్లకోటు | అక్టోబర్ 16, రాత్రి 11:05

ఇన్స్ అనే బారిస్టర్ల సంఘాలు నాలుగు ఉన్నాయి, లింకన్స్, గ్రేస్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్. ఒకదాంట్లో చేరాలి, బార్ కోర్సు పాసవ్వాలి. అంతా దాటాక ఏడాది పాటు పుపిలేజ్, అంటే ఒక సీనియర్ వెనక తిరిగి నేర్చుకోవడం. మొదటి ఆరు నెలలు చూడటమే, తర్వాతి ఆరు నెలల్లో సొంతంగా నిలబడనిస్తారు. కోర్సు డబ్బుంటే ఎవరైనా చేస్తారు, పుపిలేజ్ దొరకడమే గండం. అప్పు చేసి కోర్సులో చేరేముందు నాకు మెసేజ్ పెట్టండి.

రీడింగ్ రమణ | నవంబర్ 24, రాత్రి 10:20

అప్‌డేట్. సంతకం పెట్టలేదు. ఇన్సూరెన్స్ వాళ్ల సొలిసిటర్ ద్వారా ఒక బారిస్టర్‌తో గంటన్నర కాన్ఫరెన్స్ దొరికింది. నేను 17 ఫిర్యాదులు నంబర్లు వేసి తీసుకెళ్లాను. ఆవిడ పచ్చ ఇంకు పెన్నుతో ఒక్కోటి కొట్టేస్తూ పోయింది. క్రిస్మస్ పార్టీకి పిలవలేదు, కొట్టేసింది. మేనేజర్ నా పేరు "రమానా" అంటాడు, కొట్టేసింది. 2021లో ప్రమోషన్ ఇవ్వలేదు, టైమ్ దాటిపోయిందని కొట్టేసింది. మూడే మిగిలాయి. తొమ్మిదిలో ముగ్గురినే ఎందుకు తీసుకున్నారు, నిర్ణయానికి ముందు నాతో మాట్లాడారా, స్కోర్లు ఎప్పుడు వేశారు. నాకు కోపం వచ్చింది, మనసులో మాట చెప్పేశాను, "మేడమ్, మీరు ఎవరి వైపు?" అని. ఆవిడేమీ అనుకోలేదు. "ఈ పద్నాలుగూ అవతలి లాయర్‌కి మీరిచ్చే కానుకలు. వీటి మీద రెండు రోజులు మిమ్మల్ని అడిగి, ఈ మూడింటి దగ్గరికి వచ్చేసరికి జడ్జి అలసిపోయేలా చేస్తాడు" అంది.

తర్వాత డేటా రిక్వెస్ట్‌లో వచ్చిన స్కోర్ షీట్ చూసి, ఇది ప్రింటా, అసలు ఎక్సెల్ ఫైల్ ఇచ్చారా అని అడిగింది. ఫైలే ఉంది. ల్యాప్‌టాప్‌లో నా చేతే దాని ప్రాపర్టీస్ తెరిపించింది. తయారైన తేదీ అక్టోబర్ 7. నాకు ఉద్యోగం పోయిందని చెప్పింది 4న.

ఐటీలో పదిహేనేళ్లు. ఆ ఫైల్ నేను ఇరవై సార్లు తెరిచాను. రైట్ క్లిక్ చేయాలని తట్టలేదు.

క్రాయిడన్ శాస్త్రి | నవంబర్ 24, రాత్రి 10:41

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.

నల్లకోటు | నవంబర్ 25, ఉదయం 7:05

మంచి బారిస్టర్ దొరికారు. ఒక హెచ్చరిక. ఫైల్‌ని కాపీ చేసినా, వేరేచోట సేవ్ చేసినా ఆ తేదీ మారొచ్చు. వాళ్లు అదే అంటారు. వచ్చిన ఈమెయిల్‌తో సహా ముట్టుకోకుండా ఉంచండి. ఇంకోటి, వీసా తేలక ఇండియా వెళ్లాల్సి వస్తే కేసు ఆగదు, కానీ అక్కడ కూర్చుని వీడియోలో సాక్ష్యం చెప్పడం మీ ఇష్టం కాదు. ఆ దేశానికి అభ్యంతరం లేదని ఇక్కడి విదేశాంగ శాఖ ద్వారా తెలుసుకోవాలి. విచారణ ముందు రోజు గుర్తొస్తే కుదరదు.

రీడింగ్ రమణ | 2025 జూన్ 18, రాత్రి 9:15

అందరికీ థాంక్స్. స్లౌలో కొత్త స్పాన్సర్ డిసెంబర్‌లోనే దొరికింది, ఐఎల్ఆర్ కూడా వచ్చింది. కేసు విచారణ దాకా వెళ్లలేదు, ఏకాస్ ద్వారా కాగితం రాసుకుని ముగించాం. ఎంతకని అడగొద్దు, గోప్యత షరతుంది. శాస్త్రి గారూ, బీపీ రాలేదు. హైదరాబాద్‌లో నేను కేటీ ఇచ్చిన పిల్లల్లో ఒకడు నిన్న లింక్డిన్‌లో మెసేజ్ పెట్టాడు. వాళ్ల పని ఇంకెక్కడికో మారుస్తున్నారట, కేటీ ఇవ్వమన్నారట.

వరంగల్ వాసు | జూన్ 18, రాత్రి 9:22

పార్టీ ఎప్పుడన్నా?

నెల్లూరు సుజాత | జూన్ 19, తెల్లవారుజామున 2:10

నమస్తే అండి. ఇదంతా ఇప్పుడే చదివాను, నైట్ డ్యూటీలో ఉన్నా. కేర్ వర్కర్‌గా వచ్చాను. ఒక ముసలాయన ఇంటి నుంచి ఇంకో ఇంటికి బస్సులో తిరిగే టైమ్‌కి మాకు డబ్బులివ్వరు, రోజుకి రెండు గంటలు అలాగే పోతుంది. అడిగితే వీసా తీయిస్తామన్నారు. పాత కంపెనీలో కూడా ఇంతే, అక్కడ మానేసి వచ్చాను. ఇప్పుడు వాళ్ల మీద ఏమైనా చేయొచ్చా? ఏం జరిగిందో మొత్తం రాయమంటే రాస్తాను, చాలా పెద్దది.

నల్లకోటు | జూన్ 19, ఉదయం 6:35

సుజాత గారూ, ఇళ్ల మధ్య తిరిగే ఆ సమయం కనీస వేతనం లెక్కలోకి వస్తుంది. మిగతాది సాయంత్రం మాట్లాడుకుందాం. పెద్దదైనా పర్వాలేదు, రాయండి. అంతకంటే ముందు ఒక్కటి చెప్పండి, పాత కంపెనీలో మీ ఆఖరి రోజు ఏ తారీఖు?